మందం లెక్క, జాయింటు లెక్క: ఆఫ్‌గ్రిడ్ సోలార్ వైరింగ్‌లో తేలినవి, తేలనివి

తెలంగాణలో వ్యవసాయానికి ఇరవైనాలుగు గంటల ఉచిత విద్యుత్తు 2018 జనవరి 1న మొదలైంది. నిజామాబాద్ జిల్లాలో నిజాంసాగర్ కాలువల కింద వరి పండించే వర్ని లాంటి మండలాల్లో ఆ తర్వాత సోలార్ మోటరు గురించి ఆలోచించాల్సిన అవసరం పెద్దగా రాలేదు. సోలార్ ఇలాంటి ఊళ్లకు వేరే దారుల్లో వచ్చింది. ఇంటి ఇన్వర్టరుకు తోడుగా మిద్దె మీద రెండు ప్యానెళ్లు, అడవి పందులు చేనులోకి రాకుండా బ్యాటరీతో నడిచే ఫెన్సింగు, కరెంటు స్తంభానికి దూరంగా ఉన్న గొడ్ల కొట్టంలో లైటు, మోటరు దగ్గర కాపలాకు ఒక కెమెరా. అన్నీ చిన్నవే, అన్నీ గ్రిడ్‌తో సంబంధం లేకుండా బ్యాటరీ మీద బతికేవే.

పెద్దవి కూడా ఇప్పుడు దగ్గరకొస్తున్నాయి. మంజీర అవతల మహారాష్ట్రలో సోలార్ పంపుల పథకాలు ఊపులో ఉన్నాయి. పోడు పట్టాలున్న గిరిజన రైతులకు సోలార్ పంపులిచ్చే ఇందిర సౌర గిరి జల వికాసం పథకాన్ని తెలంగాణ ప్రభుత్వం 2025 మే 19న నాగర్‌కర్నూలు జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో ప్రారంభించింది. 12,600 కోట్ల రూపాయల వ్యయంతో 2.10 లక్షల మంది రైతులకు, 6 లక్షల ఎకరాలకు నీరందించాలన్నది లక్ష్యం.

ఈ వ్యవస్థలు కొనేటప్పుడు ప్యానెల్ ఏ కంపెనీది, బ్యాటరీ ఎంతది, పంపు ఎన్ని హెచ్‌పీ అని అడుగుతారు. వైరు ఊసు చివర్న వస్తుంది, కనెక్టర్ ఊసు రానే రాదు. వచ్చినప్పుడు మాత్రం ఎలక్ట్రీషియన్ ఒకటి చెబుతాడు, దుకాణదారు ఇంకొకటి, కంపెనీ మనిషి మరొకటి. ఒకరు 4 ఎంఎం చాలంటారు, ఇంకొకరు 10 ఎంఎం లేనిదే వద్దంటారు. ఇంటి వైరే వాడొచ్చని కొందరు, అది ప్రమాదమని కొందరు. ఈ మాటల్లో దాదాపు ప్రతిదీ ఎక్కడో ఒకచోట నిజమే. ఎక్కడ నిజమో విడదీసి చూడకపోవడం వల్లే వాదన చిక్కుపడింది. చర్చంతా వైరు మందం చుట్టూ తిరుగుతుండగా నష్టం ఎక్కువగా జాయింట్ల దగ్గర జరుగుతోందన్నది ఈ సమీక్షలో తేలే ముఖ్యమైన సంగతి.

రెండు లోకాల నియమాలు

మన దేశంలో సోలార్ ప్యానెళ్ల తయారీ 1970ల చివర్లో ఉత్తరప్రదేశ్ సాహిబాబాద్‌లోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్‌తో మొదలైంది. ఆ తరం ప్యానెల్ వెనక చిన్న డబ్బా, అందులో రెండు స్క్రూలు ఉండేవి. వైరు చివర తొక్క గీసి స్క్రూ కింద బిగిస్తే పని అయిపోయేది. ప్రత్యేక కేబుల్, ప్రత్యేక కనెక్టర్ అన్న మాటే లేదు. ప్యానెల్ వోల్టేజీ 12 వోల్టుల బ్యాటరీని చార్జి చేయడానికి సరిపడా మాత్రమే ఉండేది. ఆ రోజుల్లో సోలార్ అంటేనే ఆఫ్‌గ్రిడ్.

1996లో స్విట్జర్లాండ్‌కు చెందిన మల్టీ కాంటాక్ట్ అనే కంపెనీ ఎంసీ3 కనెక్టర్ తెచ్చింది. ప్యానెల్‌కు వైరు ఫ్యాక్టరీలోనే తగిలించి, చివర ప్లగ్గు పెట్టి పంపడం దాంతో కుదిరింది. ఎంసీ3ని చేత్తో లాగితే ఊడేది. తర్వాత వచ్చిన ఎంసీ4కు కొక్కెం లాంటి తాళం చేర్చారు. పేరులోని అంకె లోపలి లోహపు పిన్ను వ్యాసం, 4 మిల్లీమీటర్లు. ఆ కంపెనీ ఇప్పుడు స్టాబ్లి సంస్థలో భాగం. కానీ ఎంసీ4 అన్న మాట ప్రపంచమంతటా ఆ ఆకారంలో ఉన్న ప్రతి కనెక్టర్‌కూ పేరైపోయింది, గొడవకు ఒక మూలం అక్కడే ఉంది.

ఇదే కాలంలో యూరప్‌లో సోలార్ గ్రిడ్‌కు మళ్లింది. ప్యానెళ్లను వరసగా కలిపి 600, 1000, 1500 వోల్టుల దాకా తీసుకెళ్లారు. ప్రమాణాలు ఆ ప్లాంట్ల కోసం పుట్టాయి. 2007లో జర్మన్ సంస్థ టీయూవీ సోలార్ కేబుల్‌కు పరీక్షా నియమాలు రాసింది. 2014లో యూరప్ ప్రమాణం ఈఎన్ 50618, 2017లో అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62930, 2020లో మన ఐఎస్ 17293 వచ్చాయి. కనెక్టర్లకు ఐఈసీ 62852 ప్రమాణం 2014 నాటిది.

కాబట్టి నేడు దుకాణంలో దొరికే సోలార్ కేబుల్, కనెక్టర్ రెండూ ఎక్కువ వోల్టేజీ, తక్కువ కరెంటు ఉండే లోకం కోసం తయారైనవి. ఆఫ్‌గ్రిడ్ ఇల్లు, ఫెన్సింగు, కొట్టం లైటు దానికి తలకిందులు. అక్కడ వోల్టేజీ 12, 24, 48 దగ్గరే ఉంటుంది, కరెంటు మాత్రం పదులు, ఒక్కోసారి వందల యాంపియర్లకు పోతుంది. ఒక లోకపు సూత్రాన్ని ఇంకో లోకంలో యథాతథంగా వాడటం వల్ల పుట్టినవే మనం వినే విరుద్ధ సలహాల్లో సగం.

మందం మీద మూడు వాదాలు

దుకాణ భాషలో 4 ఎంఎం వైరు అంటే కండక్టరు అడ్డుకోత వైశాల్యం 4 చదరపు మిల్లీమీటర్లని. పాత తరం ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ 3/20, 7/20 అని గేజి లెక్క చెబుతారు. 7/20 వైరు సుమారు నాలుగున్నర ఎంఎంకు సమానం.

మొదటి వాదం అందరికీ తెలిసినదే: ఎంత లావైతే అంత మంచిది. దీన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. వైరులో పోయే వోల్టేజీ ఆ వైరు పొడవును, అందులో నడిచే కరెంటును, దాని నిరోధాన్ని బట్టి ఉంటుంది. పోను, రాను రెండు వైర్లు కాబట్టి దూరాన్ని రెండింతలు లెక్కించాలి. 4 ఎంఎం సోలార్ కేబుల్ నిరోధం 20 డిగ్రీల దగ్గర కిలోమీటరుకు 5.09 ఓములు. 10 మీటర్ల దూరంలో 10 యాంపియర్ల లోడు ఉంటే ఆ వైరులో ఒక వోల్టు పోతుంది. 12 వోల్టుల వ్యవస్థలో అది ఎనిమిదిన్నర శాతం. అంత చిన్న దూరానికి అంత నష్టమంటే లావు వైరు అడిగేవాళ్ల మాటలో న్యాయముంది.

రెండో వాదం ఇంజనీర్లది: మందం పెంచకు, వోల్టేజీ పెంచు. అదే 120 వాట్ల లోడును 24 వోల్టుల మీద నడిపితే కరెంటు 5 యాంపియర్లే. అదే 4 ఎంఎం వైరులో పోయేది అర వోల్టు, అంటే 2.1 శాతం. 48 వోల్టులకు వెళ్తే అర శాతానికి కాస్త పైన. వోల్టేజీ రెట్టింపైన ప్రతిసారీ నష్టం శాతం నాలుగో వంతుకు పడిపోతుంది. ఇంత లాభం ఏ రాగీ ఇవ్వదు. కొత్తగా పెట్టుకునేవాళ్లకు ఈ వాదమే సరైనది. చిక్కేమిటంటే ఊళ్లలో ఇప్పటికే ఉన్న ఇన్వర్టర్లలో చాలా భాగం ఒకే 150 యాంపియర్ అవర్ ట్యూబులర్ బ్యాటరీ మీద, 12 వోల్టులతో నడుస్తున్నాయి. ఇన్వర్టర్ మార్చకుండా ఈ సలహా పాటించలేరు.

మూడో వాదం ఇటీవలిది. గత పదిహేనేళ్లలో ప్యానెళ్ల ధర దాదాపు పదో వంతుకు పడిపోయింది, రాగి ధర పైకే పోయింది. నష్టం మూడు శాతం దాటకూడదన్న పాత నియమం ప్యానెల్ బంగారంలా ఉన్న రోజుల్లో పుట్టింది. ఇప్పుడు ఐదారు శాతం వైరులో పోయినా దాన్ని ఇంకో ప్యానెల్ కొని పూడ్చుకోవడమే చవక కదా అన్నది వీళ్ల ప్రశ్న. ప్యానెల్ నుంచి చార్జర్ దాకా ఉన్న వైరుకు, అందులోనూ ప్యానెల్ వోల్టేజీని బ్యాటరీకి తగ్గట్టు మార్చి ఇచ్చే ఎంపీపీటీ తరహా చార్జ్ కంట్రోలర్ ఉన్నచోట, ఈ వాదం నిలుస్తుంది. బ్యాటరీ నుంచి ఇన్వర్టర్ దాకా ఉన్న వైరుకు మాత్రం నిలవదు. అక్కడ పోయిన వోల్టేజీని ఎన్ని ప్యానెళ్లూ తిరిగి ఇవ్వలేవు. బ్యాటరీలో చార్జి ఉండగానే, వైరులో వోల్టేజీ పడిపోయి ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోయిందనుకుని ఆగిపోతుంది.

ఇక్కడ ఉత్తర తెలంగాణ ఎండ గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 12 వోల్టుల ప్యానెల్ పని వోల్టేజీ నిజానికి 18 వోల్టుల దగ్గర ఉంటుంది, అది పరీక్షశాలలో 25 డిగ్రీల లెక్క. సెల్లు వేడెక్కిన కొద్దీ డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం మిద్దె మీద సెల్లు 65 డిగ్రీలకు చేరితే మిగిలేది 15 వోల్టులే. అలాంటి ప్యానెళ్లు రెండు పక్కపక్కన కలిపి 18 యాంపియర్లు 15 మీటర్ల 4 ఎంఎం వైరులో దింపితే దారిలో పోయేది రెండున్నర వోల్టుల పైమాటే. రాగి కూడా వేడెక్కి 70 డిగ్రీలకు చేరితే నిరోధం మరో 20 శాతం పెరుగుతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండా చార్జి కావడానికి 14.4 వోల్టులు కావాలి. ప్యానెల్‌ను నేరుగా బ్యాటరీకి కలిపే మామూలు పీడబ్ల్యూఎం కంట్రోలర్ ఉన్న ఇంట్లో అంత వోల్టేజీ అందక కరెంటు తగ్గిపోతుంది, బ్యాటరీ ఎప్పుడూ సగం కడుపుతోనే ఉంటుంది. ఎండ బాగా కాసే నెలలోనే చార్జింగు ఎందుకు తగ్గుతుందని అడిగేవాళ్లకు జవాబు ఇదే, ప్యానెల్ మీద నింద వేయడానికి లేదు. ఆ రెండు ప్యానెళ్లనూ వరసగా కలిపి ఎంపీపీటీ కంట్రోలర్‌కు ఇస్తే కరెంటు 9 యాంపియర్లకు తగ్గి, అదే వైరు సరిపోతుంది.

పంపు దగ్గర కథ మారిపోతుంది. కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ 5 హెచ్‌పీ పంపుకు 4800 వాట్ల ప్యానెళ్లను నిర్దేశించింది. 540 వాట్ల ప్యానెళ్లు తొమ్మిది వరసగా పెడితే వోల్టేజీ 370 దాటుతుంది, కరెంటు 13 యాంపియర్లే. 30 మీటర్ల దూరానికి 4 ఎంఎం కేబుల్ వేస్తే పోయేది 4 వోల్టులు, అంటే ఒక శాతం. 6 ఎంఎం వేస్తే మిగిలేది నిండు ఎండలో 17 వాట్లు. లావు కేబుల్ వేశామని గొప్పగా చెప్పే సంస్థ రైతుకు నిజంగా ఇచ్చింది ఆ 17 వాట్లే. ఆ డబ్బును మంచి కనెక్టర్ల మీద, గొట్టాల మీద పెడితే ఎక్కువ మేలు.

ఇంటి వైరా, సోలార్ కేబులా

ఇంటి వైరింగుకు వాడే పీవీసీ వైరు ఐఎస్ 694 ప్రమాణం కిందిది. దాని తొడుగు మామూలుగా 70 డిగ్రీల వేడికి తట్టుకుంటుంది. గోడలో, గొట్టంలో బతకడానికి చేసినది. సోలార్ కేబుల్ తొడుగు వేరు. అది క్రాస్‌లింక్ చేసిన పాలీఓలిఫిన్. కరగదు, అతినీలలోహిత కిరణాలకు తట్టుకుంటుంది, రెండు పొరలుంటాయి, కండక్టరు 90 డిగ్రీల దగ్గర నిరంతరం పనిచేయగలదు. లోపలి సన్నని రాగి పోగులకు తగరం పూత ఉంటుంది.

ఇంటి వైరు చాలనే వాళ్ల వాదం రెండు మాటల్లో: 12 వోల్టులకు 1500 వోల్టుల కేబుల్ ఎందుకు, గొట్టంలో వేస్తే ఎండ ఎక్కడ తగులుతుంది? ఇంటి లోపలి భాగానికి, అంటే కంట్రోలర్ నుంచి లైట్ల దాకా, ఇది ముమ్మాటికీ నిజం. అక్కడ సోలార్ కేబుల్ వేయడం డబ్బు దండగ. మిద్దె మీద మాత్రం ఈ వాదం నిలవదు. గొట్టం లోపల ఎండ పడదు గాని వేడి పెరుగుతుంది. ప్యానెల్ వెనక కొన్ని అడుగుల మేర వైరు ఎలాగూ బయటే ఉంటుంది. ఎండకు పెళుసైన పీవీసీ వంపుల దగ్గర చిట్లి, వాన నీరు లోపలికి పాకి, పూత లేని రాగి నల్లబడుతుంది. యూరప్ ప్రమాణం 4 ఎంఎం సోలార్ కేబుల్‌కు గాలిలో, 60 డిగ్రీల పరిసర వేడిలో 55 యాంపియర్లు అనుమతిస్తుంది. ఆ వేడిలో 70 డిగ్రీల పీవీసీ వైరుకు మిగిలే వెసులుబాటు పది డిగ్రీలే.

సోలార్ కేబుల్ అన్నిటికీ మందు కాదు. నేలలో నేరుగా పూడ్చడానికి దాన్ని చేయలేదు. వరి మడి గట్టు మీదుగా పంపు దాకా పోవాలంటే గట్టి గొట్టంలోనే పోవాలి. ఎలుకలకు ఏ తొడుగైనా ఒకటే. ధాన్యం ఉన్నచోట ఎలుకలుంటాయి, అవి కొరికిన డీసీ కేబుల్ ఏసీ వైరుకన్నా ప్రమాదకరం. కోతులు మిద్దెలెక్కే ఊళ్లలో వేలాడే వైరు ఎన్నాళ్లో నిలవదు. వైరును ఫ్రేముకు గట్టిగా కట్టి, దిగేచోట జీఐ గొట్టం వేయడం ఇలాంటి చోట్ల తప్పనిసరి.

అల్యూమినియం గురించి రెండు మాటలు. రాగితో పోలిస్తే దాని విద్యుత్ వాహకత సుమారు 61 శాతం, అందుకే అదే పనికి ఒకటిన్నర రెట్లకు మించి మందం కావాలి. చవక, తేలిక. కానీ గాలి తగలగానే పైన ఆక్సైడు పొర కడుతుంది, స్క్రూ కింద కాలక్రమంలో నలిగి వదులవుతుంది, రాగితో కలిసేచోట బైమెటల్ లగ్గు కావాలి. ఎంసీ4 లాంటి కనెక్టర్లు రాగి పోగులకే ఉద్దేశించినవి. పెద్ద ప్లాంట్లలో అల్యూమినియానికి చోటుంది, చిన్న ఆఫ్‌గ్రిడ్ వ్యవస్థలో లేదు.

కనెక్టర్: చిన్న వస్తువు, పెద్ద తగాదా

మంచి ఎంసీ4 జత నిరోధం అర మిల్లీఓము కన్నా తక్కువ. 13 యాంపియర్లు నడిచినా అక్కడ పుట్టే వేడి వాటులో పదో వంతు కూడా ఉండదు. అదే జాయింటు వదులై, తుప్పు పట్టి, నిరోధం 50 మిల్లీఓములకు పెరిగిందనుకుందాం. మల్టీమీటరుకు కూడా సరిగా అందనంత చిన్న మార్పే. వేడి మాత్రం ఎనిమిదిన్నర వాట్లు. ఇంట్లో వెలిగే 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు తీసుకునే విద్యుత్తు దాదాపు మొత్తం, వేలెడంత ప్లాస్టిక్ ముక్క లోపల, రోజూ ఐదారు గంటలు వేడిగా మారుతుందన్నమాట. వేడికి లోహపు స్ప్రింగు పట్టు తగ్గుతుంది, పట్టు తగ్గితే నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. చివరికి ప్లాస్టిక్ కరుగుతుంది, లేదా సందు ఏర్పడి ఆర్క్ మొదలవుతుంది. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వచ్చి పోతుంది కాబట్టి నిప్పు ఆరే అవకాశముంది. డీసీకి ఆ విరామం లేదు.

2019 ఆగస్టులో వాల్‌మార్ట్ సంస్థ తన ఏడు దుకాణాల పైకప్పుల మీద సోలార్ మంటలు రేగాయంటూ టెస్లా మీద అమెరికాలో దావా వేసింది. అందులోని ఆరోపణల్లో కనెక్టర్ల లోపాలు, అమరికలో నిర్లక్ష్యం ఉన్నాయి. అదే ఏడాది నవంబరులో రెండు సంస్థలూ రాజీ పడ్డాయి. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సౌరశక్తి పరిశోధన సంస్థ సోలార్ మంటలు చాలా అరుదని చెబుతూనే, బలహీనమైన చోట్లు ఎలా పుడతాయో పేర్కొంది: సరైన క్రింపింగ్ టూల్ బదులు కటింగ్ ప్లయర్‌తో నొక్కిన కనెక్టర్లు, ఒకదానికొకటి పొసగని కనెక్టర్ల జతలు. మన ఊళ్లలో సోలార్ పని చూసినవాళ్లకు ఈ రెండూ కొత్త సంగతులు కావు.

పొసగడం అన్నదాని మీదే అసలు తగాదా. దుకాణంలో దొరికే కనెక్టర్లలో ఎన్నో ఎంసీ4 కంపాటిబుల్ అన్న ముద్రతో వస్తాయి. ఒకదానిలో ఒకటి దూరుతుంది, తాళం టక్కున పడుతుంది. అయితే ఐఈసీ ప్రమాణం ఒక తయారీదారు జతను పరీక్షిస్తుందే తప్ప అందరూ పాటించాల్సిన కొలతలు నిర్ణయించదు. పిన్ను పూత, స్ప్రింగు బలం, రబ్బరు వాషరు రసాయనం, ప్లాస్టిక్ వేడికి వ్యాకోచించే తీరు ఒక్కో కంపెనీకి ఒక్కో రకం. కలిపిన రోజు బాగానే ఉంటుంది, నాలుగైదు ఎండాకాలాల తర్వాత తేడా బయటపడుతుంది. అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ (ఐఈసీ) 2019లో ఈ పొసగకపోవడం మీదే ఒక సాంకేతిక నివేదిక వెలువరించింది. అమెరికా విద్యుత్ కోడ్ 2020 ప్రతి ప్రకారం రెండు వైపులా ఒకే రకం, ఒకే బ్రాండు ఉండాలి, లేకపోతే ఆ జతకు ప్రత్యేకంగా పరీక్ష, గుర్తింపు ఉండాలి.

ఎదుటి పక్షం మాట కూడా వినాలి. ప్యానెల్ తన కనెక్టర్‌తోనే వస్తుంది, అది ఏ కంపెనీదో పెట్టె మీద ఉండదు. చిన్న పట్టణంలో దొరికేది ఒకటో రెండో రకాలు. ప్యానెల్ వైపు ప్లగ్గు కోసి కొత్తది పెడితే వారంటీ పోతుందన్న భయం. ఎనిమిది తొమ్మిది యాంపియర్ల చిన్న వ్యవస్థల్లో మిశ్రమ జతలు ఏళ్ల తరబడి నిలిచిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇది పనిచేసేవాళ్ల అనుభవం, కొట్టిపారేయలేం. అయితే ప్యానెళ్లు 13, 14 యాంపియర్లకు ఎదిగాయి. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 8 యాంపియర్ల నాటి అనుభవం 13 దగ్గర హామీ కాదు. అదే చెడ్డ జాయింటులో రెండున్నర రెట్ల వేడి పుడుతుంది.

రెండు పక్షాలూ గమనించని ఒక సౌలభ్యం ఉంది. తొమ్మిది ఒకేరకం ప్యానెళ్లను వరసగా కలిపితే మధ్యలో ఎనిమిది జాయింట్లు. అవన్నీ ఫ్యాక్టరీలో పెట్టిన ఒకే కంపెనీ జతలే. చేత్తో చేయాల్సినవి వరసకు రెండు చివర్లలో మాత్రమే. అంటే అసలు బ్రాండు కనెక్టర్లు రెండే కావాలి. మొత్తం ఖర్చులో అది లెక్కలోకి రాదు. ప్యానెల్ అమ్మే సంస్థ తన కనెక్టర్‌కు తగిన రెండు ముక్కలను పెట్టెలోనే ఇస్తే తగాదాలో పెద్ద భాగం తీరిపోతుంది.

క్రింపింగు గురించి మాత్రం వివాదం లేదు, నిర్లక్ష్యమే ఉంది. పిన్నులోకి వెళ్లేంత మేర మాత్రమే తొక్క తీయాలి, ఒక్క పోగు కూడా తెగకూడదు, పూర్తిగా నొక్కేదాకా వదలని రాచెట్ టూల్‌తో నొక్కాలి, లాగి చూడాలి, వెనక నట్టు బిగించాలి. ఆ నట్టు వదులుగా ఉంటే రబ్బరు వాషరు పట్టదు, నీరు లోపలికి పోతుంది. ఐపీ67 అని రాసి ఉన్నంత మాత్రాన కనెక్టర్ నీళ్లలో ఎల్లకాలం ఉండగలదని కాదు. ఆ పరీక్ష ఒక మీటరు లోతులో అరగంట మాత్రమే. మడిలోనో, మిద్దె మీద నీరు నిలిచే గుంటలోనో పడి ఉండే జాయింటుకు అది వర్తించదు. ఇక ఎండ ఉండగా, లోడు నడుస్తుండగా ఎంసీ4ను విప్పడం ఏ పరిస్థితిలోనూ కూడదు. తొమ్మిది ప్యానెళ్ల వరస ఖాళీగా ఉన్నప్పుడు 440 వోల్టుల పైన డీసీ ఉంటుంది, అది ప్రాణం తీస్తుంది.

బ్యాటరీ దగ్గర వేరే చట్టం

ఎంసీ4 ప్యానెళ్ల కోసం పుట్టింది, బ్యాటరీ దగ్గర దాని పాత్ర లేదు. 800 వాట్ల లోడు నడిపే 12 వోల్టుల ఇన్వర్టర్ బ్యాటరీ నుంచి 75, 80 యాంపియర్లు లాగుతుంది. బ్యాటరీ, ఇన్వర్టర్ మధ్య మీటరున్నర దూరానికి 10 ఎంఎం వైరు వేస్తే నాలుగు శాతం దాకా పోతుంది, 25 ఎంఎం వేస్తే ఒకటిన్నర శాతం. లావు వైరు వాదం తిరుగులేకుండా గెలిచే చోటు ఇదొక్కటే. ఇక్కడ కావాల్సింది తగరం పూత ఉన్న రాగి లగ్గులు, హైడ్రాలిక్ లేదా సరైన డై ఉన్న క్రింపర్, బోల్టు మీద మొదట లగ్గు, దాని మీద వాషరు. వాషరు లగ్గుకూ టెర్మినల్‌కూ మధ్యలో పడితే కరెంటు ఇనుము గుండా పోవాల్సి వస్తుంది. తరచూ విప్పాల్సిన చోట ఆండర్సన్ తరహా కనెక్టర్లు వాడతారు. టెర్మినళ్లకు పెట్రోలియం జెల్లీ రాసే పాత అలవాటు మంచిదే, బిగించిన తర్వాత రాయాలి.

ఫ్యూజు విషయంలో చిన్న వ్యవస్థల నిర్లక్ష్యం భయం కలిగిస్తుంది. 150 యాంపియర్ అవర్ బ్యాటరీ షార్టయితే వెయ్యి యాంపియర్లు దాటి కరెంటు పారుతుంది. ఆ వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజు లేకపోతే వైరే ఫ్యూజై కాలుతుంది. ఫ్యూజు వైరును కాపాడటానికి, కాబట్టి దాని విలువ వైరు మోయగల కరెంటును మించకూడదు. ఇంట్లో మిగిలిన ఏసీ ఎంసీబీని డీసీ లైనులో పెట్టడం ఇంకో సాధారణ తప్పు. అది కలిపి ఉంచుతుంది, విడదీయాల్సి వచ్చినప్పుడు ఆర్క్‌ను ఆర్పలేదు. డీసీ ఎంసీబీల్లో కూడా ప్లస్, మైనస్ గుర్తులున్నవి తిరగేసి కలిపితే అదే ఫలితం.

మొత్తంగా పోల్చి చూస్తే ఫెన్సింగుకు, కొట్టం లైటుకు కరెంటు తక్కువ. మామూలు మందం చాలు, తుప్పు పట్టని జాయింటే ప్రాణం. ఇంటి ఇన్వర్టరుకు మిద్దె నుంచి సోలార్ కేబుల్, బ్యాటరీ దగ్గర లావు రాగి, ఫ్యూజు కావాలి. పంపుకు 4 ఎంఎం సోలార్ కేబుల్ గొట్టంలో వేసి, ప్యానెళ్లతో సరిపోలే కనెక్టర్లు, డీసీ ఐసోలేటర్ పెట్టాలి. ముగ్గురికీ ఒకే జవాబు చెప్పే దుకాణం ముగ్గురిలో ఇద్దరికి తప్పు సరుకు అమ్ముతున్నట్టే.

ఇంకా తేలనివి

కేంద్రం 2017లో తెచ్చిన సోలార్ సరుకుల నాణ్యతా ఉత్తర్వు ప్యానెళ్లకు, ఇన్వర్టర్లకు, బ్యాటరీలకు తప్పనిసరి రిజిస్ట్రేషన్ విధించింది. ఆ జాబితాలో పెద్ద పెట్టెలే ఉన్నాయి. కనెక్టర్ల కొలతలు అందరికీ ఒకటిగా చేయాలా, లేక తయారీదారులు ఒకరి జతను ఒకరు పరీక్షించి ప్రకటించాలా అన్నది ప్రపంచ స్థాయిలోనే తేలలేదు. మొదటి దారి వినియోగదారుడికి మేలు, రెండోది కంపెనీలకు సులువు. ఒక కొలత, ఒక ముద్ర ఉంటే తప్ప వర్ని లాంటి మండల కేంద్రంలో కొనేవాడికి అసలుకూ నకలుకూ తేడా తెలిసే మార్గం లేదు కాబట్టి మొదటి దారివైపే మొగ్గు న్యాయం.

రాగికి బదులు ప్యానెల్ అన్న వాదం ఎంత దూరం పోతుందో ధరలు నిర్ణయిస్తాయి. ఈ ఏడాది లెక్క వచ్చే ఏడాదికి నిలవకపోవచ్చు. లిథియం బ్యాటరీలు ఇళ్లలోకి వస్తే 48 వోల్టుల వ్యవస్థ మామూలవుతుంది, వైర్లు సన్నబడతాయి. కానీ లిథియం బ్యాటరీ షార్ట్‌సర్క్యూట్ కరెంటు లెడ్ యాసిడ్ కన్నా పెద్దదిగా ఉండగలదు, నేడు వాడే చవక ఫ్యూజులు దాన్ని తెంచలేకపోవచ్చు. ఆ ఫ్యూజులు చిన్న ఊళ్ల దుకాణాలకు బ్యాటరీల కన్నా ముందు చేరతాయా అన్నది ఎవరూ పట్టించుకోని ప్రశ్న.

అన్నిటికన్నా దగ్గరి సమస్య నిర్వహణది. కేంద్రం సోలార్ పంపుల పథకం పీఎం కుసుమ్ కింద పెట్టిన పంపులకు అమర్చిన సంస్థ ఐదేళ్లు బాధ్యత వహించాలి. కేబుల్‌ను పాతికేళ్లు నిలిచేలా పరీక్షిస్తారు, ప్యానెల్‌కు కూడా దాదాపు అంతే హామీ ఇస్తారు. ఆరో ఏట ఒక కనెక్టర్ కరిగితే రైతు పిలిచేది ఊళ్లో మోటర్లు బాగుచేసే మెకానిక్‌నే. అతని చేతిలో ఎంసీ4 క్రింపర్ ఉండదు, ప్యానెళ్ల మీద ఉన్న కనెక్టర్ ఏ మోడలో అతనికి తెలిసే వీలూ లేదు. వైర్లు మెలితిప్పి టేపు చుట్టడమే అతనికి మిగిలే దారి, 370 వోల్టుల డీసీ మీద ఆ టేపు ఎంత కాలం ఆగుతుందో ఊహించవచ్చు. దీనికి కొత్త పరిశోధన అక్కర్లేదు. కంట్రోలర్ పెట్టె లోపల కనెక్టర్ తయారీదారు, మోడల్, కేబుల్ సైజు, క్రింపింగు డై వివరాలు తెలుగులో చెరగని అక్షరాలతో రాసి, రెండు విడి జతలు అందులోనే ఉంచాలని టెండరు నిబంధనల్లో ఒక వాక్యం చేర్చవచ్చు. మండలానికి ఇద్దరు ముగ్గురు మోటరు మెకానిక్‌లకు డీసీ జాయింట్ల పని నేర్పి, ఒక క్రింపర్ ఇవ్వవచ్చు. గిరి జల వికాసం పంపులు ఇంకా పొలాలకు చేరుతున్న దశలోనే ఉన్నాయి, ఆ వాక్యం చేర్చడానికి సమయం మించిపోలేదు.